పంటితో వినే మనిషి

ముందు ఒక స్వరం వినిపిస్తుంది. ఒకటే స్వరం. ఇంకా రెండంతస్తుల మెట్లు ఎక్కాల్సి ఉండగానే, గోడ అవతల ఎవరో ఒక తీగని మోగించి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఊరుకుని, మళ్ళీ దాన్నే మోగిస్తుంటారు. మొదట విసుగనిపిస్తుంది. కాసేపటికి స్వరానికీ స్వరానికీ మధ్య ఉండే ఖాళీ కోసం కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆ ఖాళీలో ఏదో మెల్లగా ఊగుతూ ఉంటుంది, దండెం మీద ఆరేసిన దుప్పటిలా. ఊగి ఊగి ఒకచోట నిలిచిపోతుంది. అప్పుడు పక్క తీగ మొదలవుతుంది.

తలుపు తోస్తే అక్కడ ఆమె ఉంటుంది. యాభై ఆరేళ్ళ మనిషి. పియానో ముందు చెక్క ఊడదీసి గోడకి ఆనించి, దాని పొట్టలోకి సగం దూరి నిలబడి ఉంటుంది. నోట్లో మూరెడు సన్నటి కర్ర. ఒక కొస పళ్ళ మధ్య, రెండో కొస పియానో లోపలి చెక్క మీద. కళ్ళు మూసి ఉంటాయి. ఎడమచేత్తో మీట నొక్కుతూ, కుడిచేత్తో తీగ చుట్టిన మేకుని ఇనప తాళంతో తిప్పుతుంటుంది. చూసేవాళ్ళకి చెయ్యి కదిలినట్టే ఉండదు. లోపల తీగకి మాత్రం తెలుస్తుంది.

పియానోలకి శృతి చేయడం ఆమె పని. అందరూ తీగలమ్మ అంటారు.

ఏడేళ్ళ వయసులో రెండు చెవుల్లోనూ చీము పట్టింది. జ్వరం తగ్గింది కానీ అప్పట్నుంచీ గాల్లో వచ్చే మాట ఆమె దాకా వచ్చేసరికి నీరసించిపోతుంది. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వింటుంది, సగం చెవితో, సగం పెదాలు చూసి. వాళ్ళ నాన్నదీ ఇదే పని. ఒకరోజు ఆయన శృతి చేస్తుంటే, పక్కన అల్లరి చేస్తున్న పిల్ల పియానో అంచుని పళ్ళతో కరిచింది. కరిచి, అలాగే ఉండిపోయి, పకపకా నవ్వడం మొదలెట్టింది. చెవుల దగ్గర మూసుకున్న తలుపులు వదిలేసి, స్వరం దవడలోంచి నేరుగా తల నట్టింట్లోకి నడిచొచ్చింది. ఆయన ఆ సాయంత్రమే ఒక కర్ర చెక్కిచ్చాడు. కొసలు అరిగిపోయి ఇప్పటికి మూడు కర్రలు మారాయి. పన్ను మాత్రం మారలేదు. కుడివైపు, కింద, చివర్నుంచి రెండోది. నలభై ఏళ్ళకి పైగా కర్ర ఆనీ ఆనీ దానిమీద చిన్న గాడి పడింది.

ఆ పన్నే నొప్పి పుట్టింది.

చలికాలం మొదట్లో, ఒక గుక్క మంచినీళ్ళతో వచ్చింది. చిన్న మెరుపు. పోయింది. వారానికి మళ్ళీ వచ్చి, ఈసారి కూర్చుంది. ఇంకొన్నాళ్ళకి ఇంట్లో మనిషైపోయింది. పొద్దున ఆమె కంటే ముందు లేచేది.

వాళ్ళది బట్టలుతికే దుకాణం మీద ఉన్న రెండు గదుల ఇల్లు. దుకాణం ఆడపడుచుది. కింద ఆవిరి, సబ్బు వాసన. పైన ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే నేల. భర్త పదకొండంతస్తుల ఆఫీసులో లిఫ్ట్ నడుపుతాడు. పొద్దుట్నుంచీ మనుషుల్ని పైకీ కిందికీ మోసి, సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే ఆమె చెంప వంక చూసి గట్టిగా అడుగుతాడు.

"ఏమోయ్, ఇవాళ ఏ అంతస్తులో ఉంది?"

"నాలుగు."

"నిన్న రెండే కదా?"

"మధ్యాహ్నం ఎవరో పైకి నొక్కారు."

"దింపేద్దామంటే వినవు. డాక్టర్ దగ్గర మీట ఒక్కటి నొక్కితే చాలు, నేరుగా కిందికే."

ఆమె ఉప్పునీళ్ళు పుక్కిలించి, లవంగం పెట్టుకుని, అటు తిరిగి పడుకుంటుంది. ఎనిమిది నెలలు అలా పంటి బిగువున నెట్టుకొచ్చింది.

నొప్పి ఆమెకి రోజుల్ని వేరేగా చూపించింది. మామూలు మనుషులకి తెలియని సంగతొకటి ఉంది: ఆమెకి లోకం కంటే తన తిండే గట్టిగా వినిపిస్తుంది. రొట్టె అంచు విరిగితే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు. ఆపిల్ కొరికితే మంచు పగిలినట్టు. ఇప్పుడు అన్నీ నానబెట్టి, మెత్తగా నలిపి, ఎడమవైపు చిగుళ్ళతో అదిమి మింగాల్సి వచ్చేసరికి తిండి మూగబోయింది. భోజనాల బల్ల దగ్గర మిగతా ఇద్దరి నోళ్ళు కదులుతుంటాయి, తన తలలో ఏమీ ఉండదు. మనిషి బతికున్నట్టు తెలిసేది ఇలాంటి చిన్న చప్పుళ్ళతోనేమో అనుకుంది ఒకరోజు, పాలల్లో కరిగిపోతున్న బిస్కెట్ ముక్కని చూస్తూ.

పనికి వెళ్ళే బస్సులో కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని కూర్చుంటుంది. అలా ఆనిస్తే బస్సు గుండె వినిపిస్తుంది. ఎవరూ వినని బస్సు. కుదుపు వచ్చినప్పుడల్లా పన్ను కలుక్కుమంటుంది; అప్పుడు బయట ఉన్నవన్నీ, గొడుగు బాగుచేసేవాడు, సైకిలు తోసుకెళ్ళే పిల్ల, మూసిన సినిమా హాలు మెట్ల మీద నిద్రపోతున్న పిల్లి, అన్నీ ఒక్క క్షణం తెల్లగా వెలిగి మళ్ళీ మామూలుగా అయిపోతాయి. నొప్పి లేని రోజుల్లో ఈ దారిలో పిల్లి ఉందని కూడా ఆమెకి తెలీదు.

ఇక భర్త, ఆడపడుచు కలిసి ఒకరోజు బలవంతంగా పళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళారు. డాక్టరమ్మది చిన్న వయసు, చల్లటి చేతులు. అద్దం పెట్టి చూసి, ఫొటో తీసి చూసి, ముఖానికున్న గుడ్డ కిందికి లాగి పెదాలు కనిపించేలా చెప్పింది.

"పైకి బాగానే ఉంది ఆంటీ. లోపలంతా పోయింది, వేళ్ళ దాకా. తీసెయ్యాల్సిందే."

"తీసేస్తే నాకు వినపడదమ్మా."

"పన్నుకీ చెవికీ ఏం సంబంధం?"

తీగలమ్మ సంచిలోంచి కర్ర తీసి, కొస తుడిచి డాక్టరమ్మ చేతికిచ్చింది. రెండో కొసని గుర్రుమంటున్న మిషన్ మీద పెట్టింది. "కరిచి చూడు."

డాక్టరమ్మ నవ్వుతూనే కరిచింది. ఆ నవ్వు అలాగే ఉండిపోయి, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. కాసేపటికి కర్ర తీసి, "ఇంతుందా లోపల!" అంది.

"మరి ఇంకో పంటితో వినొచ్చుగా?" అంది ఆడపడుచు.

"దీని పక్కవి రెండూ కదులుతున్నాయి, ఎడమవైపు కింది పళ్ళు ఎప్పుడో పోయాయి వదినా, తెలీనట్టు అడుగుతావేం. ముందు పళ్ళతో కరిస్తే జిల్లుమంటుంది తప్ప స్వరం నిలవదు. నీళ్ళలో సిరాచుక్క పడ్డట్టు చెదిరిపోతుంది."

"చెవి మిషన్ పెట్టుకో."

"పెట్టి చూశాగా. వీధి వీధంతా వచ్చి తల్లో కూర్చుంది. తీగకి చోటేదీ?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. "ముందు పళ్ళతో నేర్చుకోవచ్చేమో ఆంటీ. కచ్చితంగా నాకు తెలీదు. ఈ పన్ను మాత్రం ఎక్కువ రోజులు ఆగదు," అంది. తీగలమ్మ మాత్రలు రాయించుకుని ఇంటికొచ్చేసింది. కుర్చీలో కూర్చుని ఇవ్వాల్సినదేమిటో ఆమెకి తెలుసు. అది పన్ను కాదు, పని. ఇంటి ముందు బోర్డు లేదు, చేతిలో సర్టిఫికెట్ లేదు. ఉన్నదల్లా ఆ గాడి.

అలా వాయిదా వేస్తుండగానే తప్పు జరిగింది.

సంగీత పాఠశాల హాల్లో పెద్ద పియానో ఉంది. ఇరవై రెండేళ్ళుగా దానికి శృతి చేసేది ఆమే. ఏటా పరీక్షలకి నెల ముందు పిలుస్తారు. ఆ రోజూ వెళ్ళింది. ఎత్తైన కిటికీలు, దుమ్ములో ఈదుతున్న ఎండ, నాలుగు వరసల ఖాళీ కుర్చీలు. కొడితే ఒకే స్వరం పలికే రెండు కొమ్ముల శృతిదండాన్ని మోకాలి మీద కొట్టి పియానో చెక్క మీద నిలబెట్టింది. దాని స్వరం, మధ్య తీగ స్వరం, రెండూ కర్ర గుండా పంట్లోకి వచ్చాయి.

రెండు స్వరాలు దాదాపు ఒకటే అయినప్పుడు వాటి మధ్య ఒక అల పుడుతుంది. లేస్తుంది, పడుతుంది. తీగని బిగించే కొద్దీ అల నిదానిస్తుంది. పూర్తిగా పడుకున్నప్పుడు రెండూ ఒకటైనట్టు. శృతి చేయడమంటే ఇంతే, అలల్ని నిద్రపుచ్చడం.

ఆ రోజు అల నిదానించింది, నిదానించింది, ఒకచోట ఆగింది. క్షణానికొకసారి మెత్తగా లేచి పడుతోంది. అది ఆమెకి బాగా తెలిసిన కదలిక. ఎనిమిది నెలలుగా పన్ను సలిపేది సరిగ్గా అదే వరసలో, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒకసారి. ఏ పియానో దగ్గరైనా ఆ సలుపుని పక్కన పెట్టి వినడం అలవాటు చేసుకుంది. ఇప్పుడూ అదే చేసింది. 'ఇది నాది,' అనుకుని, మేకు మీంచి తాళం తీసేసింది.

అది తీగది.

ఆ ఒక్క తీగ నుంచే మిగతావన్నీ. రెండొందల పైచిలుకు తీగలు దాన్ని నమ్మి దాని వెనకే నడిచాయి. సాయంత్రం మూత బిగించి, మీటల మీద చెయ్యి జార్చి చూసింది. పియానో తనలో తాను ఎంతో చక్కగా ఉంది. వెంట్రుకవాసి కిందికి దిగిపోయిన లోకంలో, ఒక్కటీ చోటు తప్పకుండా.

మర్నాడు మధ్యాహ్నం పాఠశాలలో క్లారినెట్ నేర్పే మేస్టారు దుకాణానికి వచ్చాడు. ముసలాయన, సన్నగా ఉంటాడు. ఉతకడానికి బట్టలేమీ తేలేదు. ఇస్త్రీ చేసిన చొక్కాల వరస కింద నిలబడి టోపీ తిప్పుతున్నాడు.

"అమ్మా, మీకు చెప్పేంతవాణ్ణి కాను," అన్నాడు ఆమె ఎదురుగా వచ్చి, పెదాలు విడదీసి. "పొద్దుట్నుంచీ ఊదే చోట మూడు రీడ్లు మార్చాను. క్లారినెట్ తుడిచాను, వెచ్చబెట్టాను. పియానో ఒక్కటే వాయిస్తే ఎక్కడా వంక లేదు. నాది కలిపితే మాత్రం రెండూ పక్కపక్కన కూర్చుని మొహాలు తిప్పుకుంటున్నాయి. ముసలాణ్ణయ్యానేమో, నాకే అలా ఉందేమో."

"మీకు కాదు మేస్టారూ," అంది ఆమె. ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకి సంగతి తెలిసింది.

ఇద్దరూ హాలుకి వెళ్ళారు. ఆమె శృతిదండం కొట్టి, కర్ర కరిచి, తీగ మోగించింది. అల లేచింది, పడింది. రెండు వేళ్ళతో మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంది. వేళ్ళ కింద ఒక అడుగు, తలలో ఒక అడుగు. పక్కపక్కనే నడుస్తున్నాయి, కలిసి నడిచే అక్కచెల్లెళ్ళలా. తర్వాత ఒకటి కొంచెం వెనకబడింది. ఇంకొంచెం. మూలమలుపు దగ్గర విడిపోయింది. రెండు. ఒకటి ఆమెది, ఒకటి తీగది.

స్టూల్ మీద కూర్చుండిపోయింది. వినడం కోసమే ఇన్నాళ్ళూ ఆ పన్నుని కాపాడుకుంది. ఇప్పుడు ఏది లోపలిదో ఏది బయటిదో చెప్పలేని చోటుకి వచ్చింది. ఎన్ని ఇళ్ళలో ఇలా చేసి ఉంటుంది? ఎంతమంది పిల్లలు తనవల్ల రవ్వంత కింద పాడుతున్నారు?

"పరీక్షలెప్పుడు?"

"ఇరవై ఆరు రోజులున్నాయి. నేనెవరికీ చెప్పలేదమ్మా. పెద్ద మేడంకి తెలిస్తే వేరే మనిషిని పిలిపిస్తుంది. ఆ వచ్చినవాడు ఏటా వస్తాడు."

"తెలుసు," అంది. "ఇరవై రోజులు ఆగుతారా?"

"ఆగుతాను. అప్పటిదాకా పిల్లల చేత క్లారినెట్లు కడిగిస్తూ ఉంటాను."

మర్నాడే కుర్చీలో కూర్చుంది. మత్తు సూదికి చెంప తనది కాకుండా పోయింది. నొప్పి లేదు. చప్పుడు మాత్రం ఉంది. ఆమె జీవితంలో అంత పెద్ద చప్పుడు వినలేదు. ముందు పాత తలుపు తెరిచినట్టు కిర్రుమంది, తర్వాత వర్షాకాలపు నేలలోంచి చెట్టుని వేళ్ళతో సహా లాగుతున్నట్టు, ఒకటొకటిగా తెగుతూ, పీకుతూ, తల మొత్తం ఆ ఊడిపోవడంతో నిండిపోయింది. తర్వాత ఆగింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి లోపల ఎవరూ లేరు. ఖాళీ చేసిన ఇంట్లో నడిచినట్టు ఆమె ఆ నిశ్శబ్దంలో కాసేపు అటూ ఇటూ తిరిగింది.

డాక్టరమ్మ చిన్న గిన్నెలో చూపించింది. "ఇదిగోండి గాడి. ఇంటికి తీసుకెళ్తారా?"

దూది కరిచి ఉంది కాబట్టి ఆమె చేత్తో రాసి చూపించింది: 'నలభై ఏళ్ళు నేను మోశా. ఇక నువ్వు మొయ్యి.'

వారం రోజులు కర్ర ముట్టలేదు. ఎనిమిదో రోజు ముందు పళ్ళతో కరిచి, వాళ్ళింట్లో ఉన్న చిన్న పియానో మీద పెట్టింది. అనుకున్నట్టే జిల్లుమంది. స్వరం ముక్కులోకి, పెదాల్లోకి, కళ్ళ వెనక్కి చెదిరిపోయింది. మీట మళ్ళీ నొక్కింది. మళ్ళీ. మంచం మీద కర్ర పారేసి కిందికి వెళ్ళిపోయింది.

భర్త ఆ కర్ర తీసుకుని వెనకే దిగాడు. తిరుగుతున్న బట్టల మిషన్ మీద ఒక కొస పెట్టి రెండోది ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు. "పదకొండో అంతస్తుకి ఒక్కసారే ఎలా వెళ్తావు? మొదటి అంతస్తు ఎక్కు ముందు."

మిషన్ చప్పుడు మోటుది. మోటుది కాబట్టి కొంచెం నిలిచింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే దుకాణంలో ఆరు మిషన్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చునేది. నోట్లో కర్ర, ఒళ్ళో ఎవరివో ఉతికిన దుప్పట్లు. ఉతుకు, జాడింపు, పిండుడు. ఒక్కోదానికి ఒక్కో గొంతు. బట్టలు తెచ్చేవాళ్ళు చూసి చూసి వెళ్ళేవాళ్ళు.

"వదినా, నా మిషన్లకి కూడా శృతి చేస్తున్నావా ఏంటి?" అంది ఆడపడుచు.

"మూడో దానికి చెయ్యాలి. లోపల ఏదో అరిగింది. పిండేటప్పుడు మూలుగుతోంది."

"అబ్బో! పన్ను పోయి పాండిత్యం వచ్చిందే!"

రెండు రోజుల తర్వాత మూడో మిషన్ ఆగిపోయింది. బాగుచెయ్యడానికి వచ్చినవాడు అరిగిన బేరింగ్ తీసి చూపించాడు.  మర్నాడు స్టూలు మీద ఆడపడుచు మెత్తటి దిండు వేసింది.

మిషన్ల తర్వాత ఫ్యాను. ఫ్యాను తర్వాత వంటింటి నీళ్ళ గొట్టం. ప్రతిదానిలోనూ చెదిరే స్వరాన్ని చెదరనిచ్చి, ముక్కులోకి పోయేదాన్ని పోనిచ్చి, చివరికి ఏది మిగులుతుందా అని చూసేది. పదహారో రోజు పియానో దగ్గర కూర్చున్నప్పుడు, ఆ చెదిరిపోవడం వెనక, చాలా దూరంగా, వీధి చివర ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు ఒక అల కనిపించింది. చూసింది, పోయింది. మళ్ళీ మోగించింది. ఉంది.

ఇరవయ్యో రోజు హాలుకి వెళ్ళింది. ఇదివరకు సగం పూటలో అయ్యే పని రెండు రోజులు పట్టింది. ముందు పళ్ళు తిమ్మిరెక్కాయి, పెదవి చిట్లింది. ప్రతి అల దగ్గరా ఆగి, మణికట్టు పట్టుకుని, ఇది నాదా నీదా అని అడిగి, అప్పుడే తాళం తీసింది.

రెండో రోజు మధ్యాహ్నం మేస్టారు వచ్చి క్లారినెట్ బిగించాడు. ఆమె కర్ర కరిచి మీట నొక్కింది. ఆయన అదే స్వరం పట్టాడు. క్లారినెట్ చప్పుడు ఆమె చెవిదాకా రాదు. పియానో చెక్క దాన్ని పట్టి, వణికి, పళ్ళకి అందించింది. రెండు స్వరాలు. ఆమె అల కోసం చూసింది. ఆయన ఊపిరి అయిపోయేదాకా ఊది, మెడ నరాలు తేలి, ఎర్రబడి, ఆపేశాడు. ఎక్కడా ఏమీ ఊగలేదు.

"మళ్ళీ ఊదండి," అంది ఆమె. నమ్మకం లేక కాదు. ఇంకోసారి వినాలని.

ఈ సంగతులు రాసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆమె అదే పాఠశాలలో, మెట్ల పైనున్న చిన్న గదిలో ఉంది. పని ఆపకుండానే, తీగకీ తీగకీ మధ్య కర్ర తీసి చెబుతూ పోయింది. ఆ ఎనిమిది నెలల్లో శృతి చేసిన ఇళ్ళన్నిటికీ మళ్ళీ వెళ్ళి, అడక్కుండానే సరిచేసి వస్తోందట. ఇప్పుడు వినడం ఎలా ఉందని అడిగితే నాలుకతో ఖాళీ చోటు తడిమి చూసుకుంది.

"ఇదివరకు స్వరం నా దగ్గరికి వచ్చేది, ఇప్పుడు నేనే వెళ్ళాల్సి వస్తోంది. దూరమే అనుకోండి. మీరు కాస్త పక్కకి జరుగుతారా, వెలుతురికి అడ్డంగా ఉన్నారు."